ఇంద్రధనుస్సులో ఏడు, జెండాలో ఆరేనా?

స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తమ గుర్తుగా ఎగరేసే రంగురంగుల ప్రైడ్ జెండా చూపిస్తే పిల్లలు ముందు రంగులు లెక్కపెడతారు. బళ్లో విబ్‌జియార్ బట్టీ పట్టినవాళ్లాయె! ‘ఒకటి తక్కువైందేం?’ అని పట్టేస్తారు. మంచి ప్రశ్న. నిజానికి తగ్గింది ఒకటి కాదు, రెండు.

అబ్బాయి అబ్బాయిని, అమ్మాయి అమ్మాయిని ప్రేమించవచ్చు. పుట్టినప్పుడు అబ్బాయి అని రాసినా, పెరిగాక ‘నేను అమ్మాయిని’ అని చెప్పేవాళ్లూ ఉంటారు. వీళ్లకు ఈ జెండా రాకముందు బాగా తెలిసిన గుర్తు గులాబీ త్రికోణం. అది వాళ్లు కోరి తెచ్చుకున్నది కాదు. నాజీ నిర్బంధ శిబిరాల్లో, మగవాళ్లను ప్రేమించిన మగ ఖైదీల బట్టలకు కుట్టిన ముద్ర. 1970లలో ఉద్యమకారులు దాన్నే గర్వంగా ధరించారు. కానీ వేరేవాళ్లు అవమానించడానికి వేసిన ముద్ర ఎంతైనా ముద్రే కదా.

శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ అనే కళాకారుడికి కుట్టుపని బాగా వచ్చు. 1978లో ఆయన, లిన్ సెగర్‌బ్లోమ్, ఇంకొందరు మిత్రులు కలిసి పెద్ద పెద్ద చెత్తడబ్బాల్లో రంగులు కలిపారు. తెల్లటి నూలు గుడ్డను అందులో ముంచి, ఆరేసి, ఇస్త్రీ చేసి, కుట్టారు. జూన్ 25న యునైటెడ్ నేషన్స్ ప్లాజాలో జెండా ఎగిరింది. అప్పుడు ఎనిమిది పట్టీలు, ఒక్కోదానికి ఒక్కో అర్థం: ఎరుపు ప్రాణం, నారింజ గాయం మానడం, పసుపు ఎండ, ఆకుపచ్చ ప్రకృతి... అన్నిటికన్నా పైనున్న ముదురు గులాబీకి అర్థం శృంగారం. చిన్నపిల్లలకైతే ప్రేమ అని చెప్పండి, చాలు.

అదే ఏడాది నవంబర్ 27న, తాను గే అని బాహాటంగా చెప్పి ఎన్నికల్లో గెలిచిన హార్వీ మిల్క్‌ను సిటీ హాల్లోనే కాల్చి చంపారు. ఆ దుఃఖంలో జెండా కావాలని అడిగేవాళ్లు పెరిగారు. చేత్తో అద్దితే సరిపోదు, తానులు తానులుగా గుడ్డ కావాలి. ముదురు గులాబీ గుడ్డ అంత సులువుగా దొరకలేదు. అలా ఒకటి పోయింది. 1979లో మార్కెట్ స్ట్రీట్ దీపస్తంభాలకు జెండాలు కట్టబోతే బేసి సంఖ్యతో చిక్కొచ్చింది: ఏడింటిలో నడిమి పట్టీ స్తంభం చాటున పడిపోయేది. దాంతో నీలాకుపచ్చనూ తీసేశారు. గొప్ప సిద్ధాంతమేమీ లేదు, గుడ్డ, స్తంభం, అంతే!

ట్రాన్స్‌జెండర్ల జెండా కథ వేరు. 1999లో మోనికా హెల్మ్స్ దాన్ని గీశారు: లేత నీలం, లేత గులాబీ, మధ్యలో తెలుపు, మళ్లీ గులాబీ, నీలం. పిల్లలతో కాగితం మీద రంగులు వేయించి, తలకిందులు చేయమనండి. ఎటు తిప్పినా జెండా తప్పుగా ఎగరదు. ఆమె కావాలనే అలా గీశారు.