మామ కాలు తట్టుకున్నప్పుడు

పిల్లలూ,

"మామ కాస్త తూలితే నువ్వెందుకు అంత టెన్షన్ పడతావు అమ్మమ్మా, మేమూ రోజూ కాలికి ఏదో తట్టుకుని తూలుతాం కదా" అని మొన్న ఫోన్లో అడిగారు. ఫోన్లో చెప్తే సరిపోయే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. నిజమే, తట్టుకోని మనిషి ఉండడు. కానీ తట్టుకోవడానికీ పడిపోవడానికీ మధ్య ఒక్క సెకను కూడా ఉండదు. ఆ కాస్త సమయంలో ఒళ్ళు చేసే పని మాత్రం చాలా పెద్దది. అదే పని కృత్రిమ కాలితో మామ ఎలా చేస్తాడో మీకు తెలియాలి.

ముందు మీ నడకే చూసుకోండి. ఒకరు చెప్పుల్లేకుండా మామూలుగా నడవండి. ఇంకొకరు ఫోను నేలకు ఆనించి పక్కనుంచి స్లో మోషన్‌లో వీడియో తీయండి. ముందుకు ఊగే పాదం బొటనవేలు దగ్గర ఆపి చూడండి. ఊపు మధ్యలో ఒకచోట అది నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే పోతుంది. అంటే మీ వేలి మందం అంత. పైగా సరిగ్గా అక్కడే పాదం మంచి వేగంలో ఉంటుంది. అందుకే షాబాద్ బండ అంచు కొంచెం లేచి ఉన్నా చాలు, ఎదురుదెబ్బ తగులుతుంది.

తగిలిన పాదం ఆగుతుంది, ఒళ్ళు ఆగదు. నడుము పైభాగం ముందుకు తిరిగిపోతుంది. మీరు "అమ్మో" అనుకునే లోపే, సెకనులో పదో వంతు అటూ ఇటూగా, కండరాలు పని మొదలుపెడతాయి. ఊపు మొదట్లో తగిలితే అదే కాలిని ఇంకా మడిచి, పైకెత్తి అడ్డం దాటిస్తాం. ఊపు చివర్లో తగిలితే ఎత్తడానికి టైమ్ ఉండదు కాబట్టి ఆ కాలిని అక్కడే టక్కున దించేసి, రెండో కాలితో దాటుతాం. మధ్యలో తగిలితే ఒక్కోసారి ఎత్తబోయి, కుదరక దించుతాం. ఇదంతా ఎవరూ మనకు కూర్చోబెట్టి నేర్పలేదు.

ఈలోగా నేల మీదున్న కాలు ఊరికే ఉండదు. చీలమండ, మోకాలు, తుంటి మూడింటినీ బిగించి నేలను తోస్తుంది. ముందుకు తిరుగుతున్న ఒంటిని కొంత ఆపి, గాల్లో ఉన్న కాలు సరైన చోట పడేందుకు వ్యవధి ఇస్తుంది. నాకు ఈ భాగం చాలా ఇష్టం. అందరూ తట్టుకున్న కాలినే చూస్తారు, మనల్ని కాపాడేదాంట్లో రెండో కాలి వాటా కూడా చాలా ఉంటుంది.

ఇప్పుడు మామ దగ్గరికి వద్దాం. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద జరిగిన యాక్సిడెంట్‌లో వాడి ఎడమ కాలు మోకాలి పైనుంచి పోయింది. పాదం ఒక్కటే పోయిందనుకోకండి. మోకాలిని మడిచి చాచే బలం పోయింది, పాదాన్ని ఎత్తే కండరాలు పోయాయి, నేల తడిగా ఉందో వాలుగా ఉందో చెప్పే అరికాలి స్పర్శ పోయింది. తొడను తుంటి బలంతో ముందుకు విసిరితే, కింద కృత్రిమ మోకాలు ఆ ఊపుకే మడుచుకుని మళ్ళీ చాచుకోవాలి. పాదానికి ఏదైనా తగిలిందన్న కబురు కూడా, తొడ దూర్చే సాకెట్‌లో ఒత్తిడి మారితేనే వాడికి తెలుస్తుంది.

ఎడమ కాలు తట్టుకుంటే దాన్ని మడిచి పైకెత్తడం వాడి చేతిలో లేదు. దించేద్దామంటే, మోకాలు పూర్తిగా చాచుకోకముందే బరువు పడితే అది మడుచుకుపోతుంది. అందుకే ఫిజియోథెరపీలో ఒక పని మళ్ళీ మళ్ళీ చేయించారు: పాదం నేలకు తాకగానే తొడను సాకెట్‌లో వెనక్కి గట్టిగా అదిమి పట్టడం. అలా పడితే మోకాలు చాచి నిలుస్తుంది. ఇక తట్టుకున్నది కుడి కాలైతే, అప్పుడు నేల మీద ఉండేది కృత్రిమ కాలు. నేలను తోసి ఒంటిని ఆపడానికి దాంట్లో పిక్క కండరం లేదు. అంటే బాగున్న కాలు తట్టుకున్నా వాడికి ప్రమాదమే. మీరు ఊహించనిది ఇదేననుకుంటాను.

మన బత్తాయి తోటలో మామ వెనకే ఒకసారి నడిచి చూడండి. ప్రతి చెట్టుకూ పాదు, పాదుకు గట్టు, గట్టు మీదుగా నల్లటి డ్రిప్ పైపు. పైపు దగ్గరికి రాగానే వాడు అడుగు చిన్నది చేసి, కుడి కాలి మునివేళ్ళ మీద కాస్త లేచి, ఎడమ కాలిని దాటిస్తాడు. పొద్దున కంటే సాయంత్రం ఇది ఎక్కువ. రోజంతా నడిచాక తొడ కొంచెం సన్నబడి సాకెట్ వదులవుతుంది. అప్పుడు కాలు ఎత్తినప్పుడల్లా సాకెట్ కాస్త కిందికి జారుతుంది, కాలు ఆ మేరకు పొడుగైనట్టవుతుంది, వేళ్ళు నేలకు రాసుకుంటాయి. చెట్టు కింద కూర్చుని బెల్టు విప్పి తొడకు ఇంకో సాక్సు వేసుకునేది అందుకే.

ఈ తూలడాన్ని ప్రత్యేకంగా చదివేవాళ్ళు ఉన్నారంటే మీరు నమ్ముతారా? అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు ట్రెడ్‌మిల్ మీద మనుషుల్ని నడిపించి, కదిలే బెల్టు మీదకు బరువైన ఇనుప దిమ్మెను వదిలే ఏర్పాటు చేశారు. ఆ పని 2019లో ప్రచురించారు. అడుగు ఊపులో ఏ క్షణాన పాదం దిమ్మెకు తగలాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. నడిచేవాళ్ళకు కింద ఏముందో కనపడకుండా చేస్తారు, ధ్యాస మళ్ళించడానికి అంకెలు వెనక్కి లెక్కపెట్టిస్తారు. పడిపోకుండా పైనుంచి బెల్టులతో కట్టి ఉంచుతారు. ముందు రెండు కాళ్ళూ బాగున్నవాళ్ళు ఎలా నిలదొక్కుకుంటారో కచ్చితంగా తెలిస్తే, కృత్రిమ మోకాలికి ఏం నేర్పాలో తెలుస్తుందని వాళ్ళ ఆలోచన.

1997లో జర్మనీ కంపెనీ ఒట్టోబాక్ తెచ్చిన సీ-లెగ్ మోకాలిలో చిన్న కంప్యూటర్, సెన్సర్లు ఉంటాయి. తూలినప్పుడు అది ఒక్కసారిగా మడుచుకుపోకుండా మెల్లగా వంగుతూ బరువును ఆపుతుంది. దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది, మనలాంటి ఇళ్ళకు అందదు. మామది అలాంటిది కాదు, నాలుగు కడ్డీల మోకాలు. ఊగేటప్పుడు వేళ్ళు నేలకు ఇంకాస్త ఎత్తులో పోయేలా, నిలబడ్డప్పుడు గట్టిగా ఉండేలా కడ్డీల అమరికే చూసుకుంటుంది. జైపూర్ కాలు తయారుచేసే సంస్థ, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు కలిసి చేసిన చవక మోకాలిని టైమ్ పత్రిక 2009 ఉత్తమ ఆవిష్కరణల్లో ఒకటిగా ఎంచింది. ఇలాంటి పని ఇంకా జరగాలి. దుక్కిలో, గట్ల మీద తిరిగే కాలికి దారి సిటీ ఆఫీసు కారిడార్‌లా ఉండదు కదా.

తూలి నిలదొక్కుకోవడం నేర్పవచ్చు కూడా. మోకాలి కింద కాలు పోయిన అమెరికా సైనికులకు రెండు వారాల్లో ఆరుసార్లు, అరగంట చొప్పున, ట్రెడ్‌మిల్ మీద కావాలని తూలించి శిక్షణ ఇచ్చారు. ఒళ్ళు ముందుకు వాలిపోవడం తగ్గింది. ఆరు నెలల తర్వాత చూసినా ఆ నేర్పు పోలేదు. ఈ అధ్యయనం 2014లో వచ్చింది. ఎందుకింత శ్రమ అంటారేమో. కెనడాలో కాలు కోల్పోయినవాళ్ళను అడిగితే, అంతకుముందు ఏడాదిలో సగం మందికి పైగా ఒక్కసారైనా పడ్డామన్నారు. దాదాపు సగం మంది పడతామన్న భయం ఉందన్నారు. భయపడితే నడక తగ్గుతుంది, నడక తగ్గితే ఉన్న కండ కూడా కరుగుతుంది. మామ తోటకు పోతానంటే నేను వద్దననిది ఇందుకే, లోపల ఎంత దడగా ఉన్నా.

మీరు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మామ తూలగానే పరిగెత్తి చెయ్యి పట్టి లాగకండి. ఒంటిని నిలబెట్టుకోవడానికి వాడికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పక్కన నడవాలంటే ఏ వైపు ఉండాలో ముందే అడగండి. ఒకవేళ పడితే, లేపేయాలని ఆత్రపడొద్దు. సాకెట్ సరిగ్గా ఉందో లేదో, తొడకు దెబ్బ తగిలిందో ముందు వాడే చూసుకుంటాడు. పక్కనే నిలబడండి. చెయ్యి కావాలంటే వాడే అడుగుతాడు, అప్పుడు ఇవ్వండి.

మీ అమ్మమ్మ,
దేవరకొండ