టిబెట్ వేడినీటి పాము: ఊళ్ళల్లో నాకు వినిపించే అపోహలు, అసలు సంగతులు

పాముల గురించి ఊళ్ళల్లో చెప్పేటప్పుడు చివర్లో ఒక ఫొటో చూపిస్తాను. టిబెట్‌లో నాలుగు వేల మీటర్లకు పైన, వేడినీటి బుగ్గల పక్కన బతికే పాము అది. పేరు థెర్మోఫిస్ బెయిలీ. బ్రిటిష్ అధికారి బెయిలీ సేకరించిన పామును చూసి 1907లో పాముల పరిశోధకుడు ఫ్రాంక్ వాల్ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ ఫొటో చూడగానే వచ్చే మాటలు దాదాపు అన్నిచోట్లా ఒకటే.

అపోహ: మరిగే నీళ్ళలో ఈదుతుంది.

వాస్తవం: అందులో పడితే చచ్చిపోతుంది. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ వేడికి ఏ పామూ తాళలేదు. ఇది ఉండేది బుగ్గ చుట్టుపక్కల: రాళ్ళ గుట్టల కింద, గట్ల పగుళ్ళలో, వేడినీళ్ళు చన్నీటి వాగులో కలిసి గోరువెచ్చనయ్యే చోట. అక్కడే కప్పల్ని, చిన్న చేపల్ని పట్టుకు తింటుంది.

పాము తన ఒంట్లో వేడి పుట్టించుకోలేదు, బయటినుంచి తెచ్చుకోవాలి. మన జెర్రిపోతు పొద్దున్నే గట్టు మీద ఎండ కాగేది అందుకే. టిబెట్‌లో ఎండ ఉన్నంతసేపు ఫర్వాలేదు, పొద్దు వాలితే నీళ్ళు గడ్డకట్టే చలి. అప్పుడు భూమి లోపలినుంచి వచ్చే వెచ్చదనమే దిక్కు. పైగా ఇది గుడ్లు పెట్టే పాము. చలి ప్రాంతాల పాములు చాలావరకు పిల్లల్నే కంటాయి. హిమాలయన్ పిట్ వైపర్ అలాంటిదే. తల్లి ఎండకు పడుకుంటే కడుపులో పిల్లలకూ ఆ వేడి అందుతుంది. నేలలో పెట్టిన గుడ్డుకు ఆ వీలు లేదు, నేలే వెచ్చగా ఉండాలి. ఇన్నేళ్ళుగా చెబుతున్నా నాకు ఇప్పటికీ అబ్బురంగా తోచేది ఈ సంగతే.

2018లో దీని జన్యుక్రమాన్ని ప్రచురించారు. వేడిని పసిగట్టే టీఆర్‌పీఏ1 జన్యువులోనూ, ఆక్సిజన్ కొరతతో ముడిపడిన ఈపీఏఎస్1లోనూ మార్పులు కనిపించాయి. టిబెట్ ప్రజలు ఆ ఎత్తుకు అలవాటుపడటంలోనూ ఈపీఏఎస్1దే ముఖ్యపాత్ర.

అపోహ: అంత కొండల్లో బతికేదంటే విషం ఘాటుగా ఉంటుంది.

వాస్తవం: ఎత్తుకూ విషానికీ సంబంధం లేదు. దీనివల్ల మనిషి ప్రాణానికి ముప్పు లేదు.

అపోహ: హిమాలయాల పాములకు దగ్గరి చుట్టం.

వాస్తవం: జన్యువుల్ని బట్టి చూస్తే దగ్గరి బంధువులు అమెరికా ఖండాల పాములు! ఆసియాలో మిగిలిన సోదర జాతులు రెండే. ఒకటి చైనాలోని సిచువాన్ రాష్ట్రానిది, 2008లో గుర్తించారు. రెండోది అక్కడి యునాన్ రాష్ట్రంలోని షాంగ్రిలాది, 2014లో గుర్తించారు.

అపోహ: మనుషులు పెద్దగా లేని చోటు కదా, దానికేం భయం?

వాస్తవం: ఉన్న మనుషులకూ ఆ వేడినీళ్ళే కావాలి. టిబెట్ రాజధాని లాసాకు దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని యాంగ్‌బాజింగ్‌లో భూగర్భ వేడితో కరెంటు తయారీ 1977లోనే మొదలైంది. బుగ్గల దగ్గర స్నానాల తొట్లూ వెలిశాయి. 2021 నుంచి చైనా ఈ పాములకు మొదటి శ్రేణి రక్షణ ఇచ్చింది. కానీ గట్టుకు సిమెంటు పూస్తే పగుళ్ళు మూసుకుపోతాయి, నీళ్ళను పైపుల్లోకి మళ్ళిస్తే నేల చల్లబడుతుంది. ఇంకో బుగ్గకు వెళ్ళాలంటే మధ్యలో ఉన్నదంతా చలి మైదానం.