13 గీతల ఆట

పెదవాల్తేరు, విశాఖపట్నం
ఆదివారం

పిల్లలూ,

కాలు బెణికి మంచం మీద పడ్డాను గానీ, నొప్పి కన్నా మీ అల్లరి వినబడకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. ఇంకో వారం మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. కాబట్టి వచ్చే ఆదివారం కూడా మేడ మీద క్లాసు లేదు. ఈలోగా మీలో ఒకరు (పేరు చెప్పను, కళ్ళజోడు ఉందని మాత్రం చెబుతాను) అడిగిన ప్రశ్నకి జవాబు రాద్దామని కూర్చున్నాను. "మామ్మా, మూడు నెలల నుంచీ ఆటలే కదా, సంగీతం ఎప్పుడు మొదలెడతావు? అమ్మ అడగమంది."

మొదలెట్టి మూడు నెలలైందిరా!

మేడ మీద సుద్దముక్కతో నేను గీసే 13 గీతలు గుర్తున్నాయి కదా. మొదటి గీత మీద నిలబడి స అంటారు. పక్క గీత మీదికి అడుగేసి రి. అక్కణ్ణుంచి రెండు గీతలు వదిలేసి మూడో దాని మీదికి గెంతి గ. పక్కనే మ. ఒక గీత వదిలి ప. దాని పక్కదే ద. మళ్ళీ రెండు వదిలి ని. ఆఖరి గీత మీద పై స. చిన్నవాళ్ళు గ దగ్గర బోర్లా పడతారు, పెద్దవాళ్ళు నవ్వుతారు, ఎవరో ఒకరు ఏడుస్తారు. మీరు గెంతింది మాయామాళవగౌళ రాగం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సరళీ స్వరాలు, అంటే మొట్టమొదటి పాఠాలు, చెప్పేది ఇందులోనే. ఆ పద్ధతి పెట్టింది పురందరదాసు అంటారు. ఆయన దాదాపు 500 ఏళ్ళ కిందటివాడు.

ఈ రాగమే ఎందుకంటే, రి కీ గ కీ మధ్య అంత ఎడం ఉంది కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోటి అని పొరబడరు. ఇంకో సంగతి గమనించారా? స నుంచి మ దాకా ఎలా గెంతారో, ప నుంచి పై స దాకా కూడా అచ్చం అలాగే గెంతుతారు. సగం వస్తే మిగతా సగం వచ్చేసినట్టే. పుస్తకం ఇచ్చి బట్టీ పట్టమని ఉంటే ఈ సంగతి మీ కాళ్ళకి తెలిసేది కాదు.

రైలాట కూడా అంతే. చప్పట్లకి తగ్గట్టు నడుస్తూ ఉంటారు, నేను 'సిగ్నల్' అనగానే గోపాలపట్నంలో బండి ఆగినట్టు ఆగిపోతారు, మనసులో నాలుగు లెక్కపెట్టుకుని అందరూ ఒక్కసారే కదలాలి. ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా అయితే బండి పట్టాలు తప్పినట్టే. చప్పట్లు ఆగిపోయినా లోపల ఆగకుండా నడిచేదాన్ని కాలప్రమాణం అంటారు. పేరు ఇప్పుడు చెప్పాను, పని మీరు ఎప్పుడో నేర్చుకున్నారు.

సముద్రం తాళం వేస్తుందని కవులు రాస్తుంటారు. నాకు నమ్మకం లేదు. బీచ్‌కి వెళ్ళినప్పుడు ఆది తాళం వేసి చూడండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, దెబ్బ, విసురు (అంటే చెయ్యి వెల్లకిలా తిప్పడం), దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. ఏ రెండు అలలూ మీ లెక్కకి దొరకవు. అదే పెదజాలరిపేట ఒడ్డున పదిమంది కలిసి వల లాగుతుంటే చూడండి. అందరి చేతులూ ఒకే దెబ్బకి పడాలి, లేకపోతే వల కదలదు. నాకైతే తాళం అక్కడే కనిపిస్తుంది.

కథల్లో మీకు బాగా నచ్చింది జంతువుల కథ. స నెమలిది, రి ఎద్దుది, గ మేకది, మ క్రౌంచ పక్షిది, ప కోయిలది, ద గుర్రానిది, ని ఏనుగుది అని పాత శాస్త్రాల్లో చెప్పారు. గుర్తుండడానికి మంచి కథ, అంతవరకే. మీలో ఒకడు జూలో ఏనుగు ముందు అరగంట నిలబడి, "ని అనలేదు మామ్మా" అని నా మీద అలిగాడు. ఏనుగు తప్పు కాదు నాన్నా, నాది.

నాది ఇంకో తప్పు కూడా ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక స్కూల్లో పాఠం చెప్పేటప్పుడు, వార్షికోత్సవం టెన్షన్‌లో, శ్రుతి కలవని ఒక పిల్లాడితో "నువ్వు పెదాలు కదుపు చాలు" అన్నాను. వాడు అలాగే చేశాడు. ఆ తర్వాత క్లాసులో కూడా పెదాలే కదిపేవాడు, ఎంత బతిమాలినా గొంతు విప్పలేదు. అందుకే ఇప్పుడు ఎవరికైనా శ్రుతి కలవకపోతే పాట ఆపేసి, హార్బర్‌లో ఓడ కూత వినబడేదాకా కూర్చోబెడతాను. అది వినబడగానే అందరం మ్‌మ్ అంటూ దాన్ని పట్టుకుంటాం. ఓడ మీద ఎవరికీ కోపం రాదు.

నేను వచ్చేలోగా ఒక పని. అమ్మనడిగి రెండు పింగాణీ కప్పులు తీసుకోండి. ఒకదాంట్లో కొంచెం, ఒకదాంట్లో నిండుగా నీళ్ళు పోసి చెంచాతో అంచు మీద మెల్లగా కొట్టండి. నీళ్ళెక్కువున్న కప్పు కింది స్వరం పలుకుతుంది. నీళ్ళ బరువుకి కప్పు మెల్లగా అదురుతుంది మరి. నీళ్ళ కప్పుల్ని పుల్లలతో వాయించే జలతరంగం వాద్యంలో ఉన్నదీ ఇదే కిటుకు. ఇప్పుడు రెండు సీసాలు తీసుకుని అలాగే నీళ్ళు పోసి, మూతి మీద అడ్డంగా ఊదండి. ఇక్కడ అంతా తలకిందులవుతుంది, నీళ్ళెక్కువున్న సీసా పై స్వరం పలుకుతుంది. ఎందుకని? సీసాలో అదిరేది సీసానా, నీళ్ళా, మూడోది ఇంకేదైనానా?

జవాబు కాగితం మీద రాసి మా కింది వాటా గుమ్మంలో పడేయండి. కప్పు పగిలితే మామ్మ చెప్పిందని చెప్పండి, నేను చూసుకుంటాను.

మీ మామ్మ