నెలకొక్క సీసా

అమెరికాలో వెయ్యి మందిలోపు జనానికి నీళ్లిచ్చే చిన్న తాగునీటి వ్యవస్థ బ్యాక్టీరియా పరీక్ష కోసం సాధారణంగా నెలకు ఒక్క శాంపిల్ పంపితే చాలు. 100 మిల్లీలీటర్ల సీసా. అడుగున చిటికెడు సోడియం థయోసల్ఫేట్ పొడి ఉంటుంది. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను అది అప్పటికప్పుడే విరిచేస్తుంది. లేకపోతే సూక్ష్మజీవులు దారిలోనే చచ్చిపోయి, లేని శుభ్రత ఉన్నట్టు తేలుతుంది. కుళాయి మూతికున్న జల్లెడ విప్పి, కాసేపు నీళ్లు వదిలి, మూత లోపలివైపు వేలు తగలకుండా సీసా నింపాలి. 30 గంటల్లోపు ల్యాబులో పరీక్ష మొదలవ్వాలి. మిగతా 29 రోజుల సంగతి చెప్పేది ఆపరేటర్ రాసే రిజిస్టరే.

మొదట్లో ఈ సీసా కూడా లేదు. 1908లో జెర్సీ సిటీకి నీళ్లందించే బూంటన్ రిజర్వాయర్‌లో జాన్ లీల్ అనే వైద్యుడు క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు, అదీ ఎవరి అనుమతీ అడక్కుండా. విషయం కోర్టుకెక్కింది, చివరికి ఆయన పద్ధతే నెగ్గింది. 1914లో తొలి ఫెడరల్ నీటి ప్రమాణాలు వచ్చాయి గానీ, అవి రాష్ట్రాలు దాటే రైళ్లకూ ఓడలకూ మాత్రమే. రైలెక్కినవాడి గ్లాసుకు లెక్క ఉంది, ఇంట్లో కూర్చున్నవాడి కుండకు లేదు. 1962 నాటికి జాబితాలో 28 పదార్థాలు చేరినా, చట్టపరంగా ఆ గీత పెద్దగా జరగలేదు.

1969లో ఫెడరల్ ప్రభుత్వం 969 నీటి వ్యవస్థల తనిఖీ మొదలుపెట్టింది, ఫలితాలు 1970లో వచ్చాయి. 41 శాతం ఆ ప్రమాణాలకు తూగలేదు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన అంకె ఇంకోటి ఉంది: ఆపరేటర్లలో 77 శాతం మందికి నీటి సూక్ష్మజీవుల గురించి తగిన శిక్షణ లేదు. బాగా దెబ్బతిన్నవి చిన్న వ్యవస్థలే. 1974 డిసెంబరులో సురక్షిత తాగునీటి చట్టం వచ్చి, కనీసం 15 కనెక్షన్లు ఉన్న, లేదా కనీసం 25 మందికి క్రమం తప్పకుండా నీళ్లిచ్చే ప్రతి ప్రజా నీటి వ్యవస్థనూ తన కిందికి తెచ్చుకుంది.

చిక్కంతా అక్కడే మొదలైంది. మహానగరానికీ పాతిక మందికీ ప్రమాణం ఒకటే, ఖర్చు పంచుకునే చేతులు మాత్రం వేరు. ఆర్సెనిక్ అనే విష పదార్థాన్నే తీసుకోండి. అది చాలాచోట్ల భూమిలోని రాతి నుంచి బోరు నీళ్లలోకి దిగుతుంది, ఎవరి నిర్లక్ష్యమూ అక్కర్లేదు. లీటరుకు 50 మైక్రోగ్రాములున్న పరిమితిని 2001లో 10కి దించారు, 2006 జనవరి నుంచి అమలు. ముందురోజు దాకా చట్టబద్ధమైన నీళ్లు తెల్లారేసరికి ఉల్లంఘన అయ్యాయి. ఫిల్టరు ఖరీదు వంద ఇళ్ల మీద పడితే ఒకలా ఉంటుంది, లక్ష ఇళ్ల మీద పడితే ఇంకోలా ఉంటుంది. ఇదంతా ముందే ఊహించినట్టు ఆ చట్టానికి 1996లో చేసిన సవరణలు తక్కువ వడ్డీ రుణాల నిధిని పెట్టాయి, ఆపరేటర్లకు ధ్రువీకరణ తప్పనిసరి చేశాయి, వినియోగదారులకు ఏటా నాణ్యత నివేదిక ఇమ్మన్నాయి.

సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా? కెనడాలోని ఒంటారియోలో, అయిదు వేలలోపు జనాభా ఉన్న వాకర్టన్ దీనికి జవాబు చెప్పింది. అక్కడి నీటి మేనేజరు లైసెన్సు పరీక్ష రాసి తెచ్చుకున్నది కాదు, అనుభవం చూసి ఇచ్చింది. క్లోరిన్ రోజూ కొలవాలి: కాస్త నీళ్లలో రసాయనం వేసి, తేలిన గులాబీ రంగును చూసి అంకె రాయాలి. రెండు నిమిషాల పని. అక్కడి నీటి సిబ్బంది చాలా రోజులు కొలవకుండానే షీట్లలో 0.5 అనో 0.75 అనో రాసేశారు. నిజంగా కొలిస్తే నీళ్లు అంత నిలకడగా ఉండవు.

2000 మే రెండో వారంలో కుండపోత వాన. పక్క పొలంలోని పశువుల ఎరువు నుంచి ఈ.కోలై అనే బ్యాక్టీరియా, ఊరికి నీళ్లిచ్చే లోతు తక్కువున్న 5వ నంబరు బావిలోకి దిగింది. శాంపిల్ నీళ్లలో బ్యాక్టీరియా ఉందని 17న ల్యాబు చెప్పింది, కానీ నీటి సంస్థకే. ఆరోగ్య శాఖకు చెప్పాలన్న నిబంధన అప్పటికి లేదు. ఆరోగ్య అధికారులు ఫోన్ చేసి అడిగితే, నీటి సంస్థ వాళ్లు నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. కాచి తాగమన్న హెచ్చరిక 21న గానీ రాలేదు. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ బావి దగ్గర క్లోరిన్‌నూ నీటి మురికినీ నిరంతరం కొలిచే మీటర్లు ఉండుంటే ఇది ఆగేదని విచారణ కమిషన్ తేల్చింది.

అదే ఏడాది ఆగస్టులో ఒంటారియో నిబంధనలు మార్చింది. చెడు ఫలితాన్ని ల్యాబు నేరుగా ఆరోగ్య అధికారికి చెప్పాలి. అమెరికాలో నది, చెరువు నీళ్లను వాడే పెద్ద వ్యవస్థలకు క్లోరిన్‌ను నిరంతరం కొలిచే మీటరు తప్పనిసరి. 3,300 మంది వరకూ ఉన్నవాటికి మాత్రం చేత్తో కొలిచే వెసులుబాటు ఉంది: 500 మందిలోపైతే రోజుకొక్కసారి. ఆ అంకెను ఆపరేటరే రిజిస్టరులో రాసుకుంటాడు.