రాధ కోపం, గడ్డిపోచ కంకణం: తెలుగు ప్రేమ ‘పవిత్రం’ అయింది ఎప్పుడు?

ప్రేమకథలో ఆడమనిషి తన కోరిక గురించి తనే నోరు విప్పితే చాలు, మన దగ్గర గొడవ లేస్తుంది. అది నవల కావచ్చు, కవిత కావచ్చు, సినిమా కావచ్చు. ఇప్పుడు మళ్ళీ అదే నడుస్తోంది. తెలుగు సాహిత్యంలో ప్రేమంటే మనసుకు సంబంధించిన విషయమని, దాన్ని ఒంటి దాకా లాక్కొచ్చింది ఈ తరమేనని ఒక పక్షం వాదన. శృంగారం మనకేమన్నా కొత్తా అని రెండో పక్షం ప్రబంధాల్లోంచి పద్యాలు ఏకరువు పెడుతోంది.

ప్రబంధాల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. కానీ ఆ పద్యాలు తెచ్చి చూపించినంత మాత్రాన వాదన తేలదు. శృంగారం ఉందా లేదా అన్నది ఎప్పుడూ తగువు కాదు. ఆ మాట ఎవరి నోట వస్తోందన్నదే తగువు. ఇది మనకు తగులుకున్నది 1910 నుంచి 1913 దాకా, ఆ కొద్ది ఏళ్ళలోనే. ఇవాళ మనం ‘పవిత్ర ప్రేమ’ అని పిలుస్తున్న సరుకు చాలావరకు అప్పుడు తయారైందే.

1910లో మద్రాసులో వావిళ్ళ వారు ‘రాధికాసాంత్వనం’ అచ్చు వేశారు. పరిష్కరించింది బెంగళూరు నాగరత్నమ్మ. కచేరీలతో పేరు తెచ్చుకున్న గాయని, దేవదాసీ కుటుంబంలో పుట్టిన మనిషి. ఆ కావ్యం అప్పటికే అచ్చులో ఉంది. 1887లో వచ్చిన ప్రతి ఒకటి ఆమె చేతికి అందింది. తర్వాత రాతప్రతి దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే అచ్చులో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన గురించీ తన వాళ్ళ గురించీ చెప్పుకున్న పీఠిక కూడా లేదు. అంటే పుస్తకాన్ని ఉంచి, రాసిన మనిషిని తీసేశారు. ఎన్నిసార్లు చదివినా మళ్ళీ చదవాలనిపించే కావ్యమనీ, రాసింది స్త్రీ, పైగా తమ కులంలో పుట్టిన స్త్రీ కాబట్టి దీన్ని సరైన రూపంలో అచ్చు వేయడం అవసరమనిపించిందనీ నాగరత్నమ్మ తన ముందుమాటలో రాసుకున్నారు.

ఆ స్త్రీ ముద్దుపళని. 18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉండేది. తీసేసిన పీఠికలో ఆమె గర్వంగానే మాట్లాడింది. తన వంటి ఆడవాళ్ళలో ఎవరికి ఇంత గౌరవం దక్కిందని, కావ్యాలు అంకితం అందుకున్నది ఎవరని అడిగింది. రాజులను పొగిడి సరిపెట్టుకునే కాలంలో తనను తాను ఒక కవిగా నిలబెట్టుకున్న తీరు అది.

కథ చిన్నదే. రాధ వరసకు కృష్ణుడికి అత్త. ఇళ అనే పిల్లను తన చేతుల మీదుగా పెంచి, పెళ్ళీడు రాగానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. తొలిరాత్రికి పిల్లను తనే ముస్తాబు చేస్తుంది. ఎలా ఉండాలో పిల్లకు చెబుతుంది, పిల్లతో ఎలా మెలగాలో కృష్ణుడికీ చెబుతుంది. తలుపు మూసుకున్నాక మొదలవుతుంది ఆమె బాధ. తనే ఇచ్చింది, తనే ఓర్చుకోలేకపోయింది. ఆ మంటలోనే కావ్యం నడుస్తుంది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమెను బతిమాలుకోవాలి. సాంత్వనం అంటే అదే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అలిగిన ఆడదాని కాళ్ళ మీద కృష్ణుడు పడటం తెలుగులో కొత్త కాదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ ఎడమకాలితో ఆయన తలను తోసేస్తుంది. ఆ పద్యాన్ని మనం బడిలో బట్టీ పట్టాం, నాటకంలో చప్పట్లు కొట్టాం. దాన్ని నిషేధించాలని ఎవరికీ తోచలేదు. మరి ముద్దుపళని రాధ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఉలిక్కిపడ్డారు? నాకు తోచేది ఇది. సత్యభామ కోపం భర్తకు ముచ్చట. రాధ కోపం అలా కాదు, అది ఆమె సొంత లెక్క. చొరవ ఆమెదే, తృప్తి పడాల్సిందీ ఆమే. ఆమె తృప్తి పడితే తప్ప కావ్యం ముగియదు. పైగా ఆ రాధకు వయసుంది, అనుభవముంది. ప్రేమ ఎంత దూరం తీసుకెళ్తుందో, ఎక్కడ మనిషిని వదిలేస్తుందో తెలిసి మాట్లాడుతుంది.

కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో ముద్దుపళనిని చాలా కటువుగా తిట్టారు. ఆడవాళ్ళు వినకూడని మాటలను, ఆడదాని నోటి నుంచి అసలే రాకూడని మాటలను ఆమె రాసిందన్నది ఆయన అభ్యంతరం. దీనికి నాగరత్నమ్మ ముందుమాటలోనే జవాబిచ్చారు. సిగ్గూ బిడియమూ ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా? ఇంతకన్నా పచ్చిగా రాసిన మగకవుల కావ్యాలు అడ్డం లేకుండా చెలామణి అవుతున్నాయి కదా? ఆ కావ్యాల పేర్లు కూడా చెప్పి మరీ నిలదీశారు. పుస్తకానికి ముందుమాట రాయడమంటే పొగడ్తలు పేర్చడం అనుకునే రోజుల్లో ఒక స్త్రీ, పేరున్న సంస్కర్తతో, అచ్చులో ఇలా వాదనకు దిగడం మామూలు సంగతి కాదు.

వీరేశలింగం గారి పక్షాన చెప్పుకోవలసిందీ ఉంది. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి ఊరందరినీ ఎదుర్కొన్న మనిషి ఆయన. భోగం మేళాల మీద ఉద్యమం నడిపారు. ఆ ఆటపాటల వెనక ఆడపిల్లల బతుకు నలిగిపోతోందన్న ఆవేదన ఉంది ఆయనలో. ఆ ఆవేదన నిజమైందే. కానీ ఆ దురాచారాన్ని పోగొట్టే ఊపులో, ఆ బతుకులోంచి వచ్చిన కవిత్వం కూడా పోవాలన్న చోటికి సంస్కరణ వెళ్ళింది.

1911లో ప్రభుత్వ అనువాదకుడు కొన్ని భాగాలు అశ్లీలమని తేల్చాడు. మద్రాసు పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రచురణకర్తలు, పండితులు మొర పెట్టుకున్నా లాభం లేకపోయింది. ఆ నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) ఉన్నప్పుడు గానీ తొలగలేదు. 1952లో పుస్తకం మళ్ళీ వచ్చింది. నాగరత్నమ్మ కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

రాధ అలా జప్తులో ఉండగానే 1913లో రాయప్రోలు సుబ్బారావు ‘తృణకంకణం’ వచ్చింది. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన ఇద్దరు ప్రేమించుకుంటారు. అమ్మాయికి వేరే వాళ్ళతో పెళ్ళవుతుంది. మళ్ళీ కలుసుకున్నప్పుడు ఆ ప్రేమను స్నేహంగా మలుచుకుని, గడ్డిపోచ కంకణంతో ఆ మాటను ఖాయం చేసుకుంటారు. దీనికి ఆయన పెట్టిన పేరు అమలిన శృంగారం, అంటే మాలిన్యం లేనిది. పద్యాలు అందమైనవి, ఆ కంకణం పోలిక మనసును పట్టుకుంటుంది కూడా. కానీ ‘అమలిన’ అన్న మాట వచ్చిందంటే, తాకే ప్రేమ ఏదైనా మలినమన్న మాట కూడా దాని వెనకే వచ్చేసింది. అక్కడ ప్రేమకు హద్దు గీసింది ప్రేమించిన వాళ్ళ అనుభవం కాదు, పెళ్ళి. ఆ హద్దును వాళ్ళు దుఃఖంతో కాక ఆనందంగా ఒప్పుకోవాలి. అప్పుడే అది గొప్ప ప్రేమ అవుతుంది.

ఈ రెండు సంగతులకూ నేరుగా లంకె ఉందని నేననడం లేదు. రాయప్రోలు నిషేధం చూసి రాయలేదు. అయినా ఒక గొంతు నొక్కేసిన చోట మరో గొంతు సులువుగా పాకిపోతుంది. 1920లలో వచ్చిన భావకవులకు దారి అక్కడే పడింది. 1925లో కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’ వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందే భార్యను పోగొట్టుకున్న మనిషి ఆయన, ఆ దుఃఖాన్ని శంకించలేం. కానీ తర్వాత ఆయన ‘ఊర్వశి’ కావ్యం వచ్చాక ప్రేయసి పూర్తిగా ఊహ అయిపోయింది. ఆమెకు ఆకలి లేదు, అలక లేదు, వయసు పెరగదు. కవి ఏడుపులోనే ఉంటుంది ఆమె ఉనికంతా. 1928లో అక్కిరాజు ఉమాకాంతం ‘నేటి కాలపు కవిత్వం’లో భావకవులను ఏకిపారేశారు. ఆయన పాత అలంకారశాస్త్రం వైపు నుంచి కొట్టారు గానీ, ఆ ప్రేయసి ఎందుకు మాట్లాడదన్న ప్రశ్న ఆయన పుస్తకంలోనూ లేదు.

రెండో దారి మనకు లేకపోలేదు. అదే 1910 ప్రాంతంలో గురజాడ ‘కాసులు’ రాశారు. అందులో భర్త భార్యతో మాట్లాడతాడు. మరులును ప్రేమ అనుకోవద్దంటాడు, “మరులు మరలును వయసుతోడనె” అంటాడు. మగడు దేవుడన్నది పాతమాట, నేను నీ ప్రాణమిత్రుణ్ణి అంటాడు. చదివి చూడండి, ఇందులో కోరిక మలినమని ఎక్కడా లేదు, వయసుతో పాటు పోతుందని మాత్రమే ఉంది. పోయాక మిగలాల్సింది నేస్తమని ఉంది. ప్రేమ బలాన్నీ హద్దునూ కాలానికి ముడిపెట్టడం ఇది. పవిత్రతకు ముడిపెట్టడంతో పోలిస్తే ఎంత తేడా! ఇదే గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం చేత ప్రేమ పేరుతో ఉపన్యాసాలు దంచించారు. ఆ మాటలకు బుచ్చమ్మ పడిపోతుంది. వాటిలో డొల్ల ఎంతో మొదటి నుంచీ తెలిసిన మనిషి మధురవాణి, అంటే మళ్ళీ ఒక వేశ్యే. ఈ దారిని మన కవిత్వం ఎక్కువ దూరం పట్టుకోలేదు. ‘కాసులు’లోని “ప్రేమ నిచ్చిన ప్రేమ వచ్చును” అన్న పాదాన్ని గోడల మీద రాసుకున్నాం, దాని ముందున్న మరుల మాట వదిలేశాం.

1927లో చలం ‘మైదానం’ వచ్చింది. ఇవాళ్టి తగువులో అందరూ ఎత్తే పుస్తకం ఇదే కాబట్టి దీన్ని కాస్త వేరుగా చూపాలి. లాయరు భార్య రాజేశ్వరి ఇల్లు వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. కథ ఆమె నోటితోనే చెప్పిస్తాడు చలం. ముద్దుపళని రాధ తర్వాత ఒంటి గురించి సిగ్గుపడకుండా ఇంత గట్టిగా ‘నేను’ అన్న ఆడపాత్ర మళ్ళీ ఈమే అనిపిస్తుంది నాకు, రాసింది మగవాడే అయినా. మెచ్చుకునే వాళ్ళు దీన్ని స్వేచ్ఛాప్రేమకు జెండా అంటారు, తిట్టే వాళ్ళు కాపురాలు కూల్చే పుస్తకమంటారు. ఇద్దరూ మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నారు.

రెండో సగంలో అమీర్ మనసు ఇంకో పిల్ల మీద పడుతుంది. అతని బాధ చూడలేక ఆ పిల్ల కోసం రాజేశ్వరే నడుం కడుతుంది. ఇళను ముస్తాబు చేసిన రాధ గుర్తుకు రావడం లేదూ? ఆ తర్వాత రాజేశ్వరి జీవితంలోకి మీరా వస్తాడు. ఈసారి ఓర్చుకోవలసిన వంతు అమీర్‌ది. అతని వల్ల కాదు. ఆమె ఇచ్చినంత అతను ఇవ్వలేకపోతాడు. కథ అమీర్ చావుతో, రాజేశ్వరి జైలుతో ముగుస్తుంది. సమాజమంటూ లేని ఆ మైదానంలో ప్రేమను ఆపడానికి పెళ్ళి లేదు, కులం లేదు, పోలీసులు చివర్లో గానీ రారు. అయినా ఆగింది. ఆపింది ఆ మగాడిలో ఉన్న సొంతదారుడు. ప్రేమ హద్దుల గురించి తెలుగులో ఇంత నిక్కచ్చిగా చెప్పిన నవల ఇంకోటి నాకు కనిపించలేదు. దాన్ని పట్టుకుని ‘విచ్చలవిడితనం’ అనడం పుస్తకం మూసేసి మాట్లాడటమే.

దీనికి ఎదురుగా ఎప్పుడూ విశ్వనాథ ‘ఏకవీర’ను నిలబెడతారు. అందులో ఇద్దరు స్నేహితులు, ఒకరు ప్రేమించిన అమ్మాయి ఇంకొకరికి భార్య అవుతుంది. నలుగురూ ధర్మానికి కట్టుబడాలని చూసి నలిగిపోతారు. మంచి నవల. కానీ దాన్ని పవిత్రప్రేమ పక్షాన సాక్ష్యంగా తేవడం ఎందుకో నాకు అర్థం కాదు. ధర్మం గెలిచాక ఆ ఇళ్ళలో సుఖపడిన వాళ్ళెవరో చెప్పమనండి.

మధ్యలో చాలా జరిగింది, అవన్నీ ఇక్కడ పట్టవు. 1987లో ఓల్గా ‘స్వేచ్ఛ’లో ప్రేమించి పెళ్ళి చేసుకున్న అరుణకు ఆ ఇంట్లోనే ఊపిరాడదు. 1993లో స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ వచ్చింది. ఆ కవయిత్రుల మీద పడిన నిందలు వింటే ముద్దుపళని మీద పడినవే మళ్ళీ పడ్డాయనిపిస్తుంది. ఆడవాళ్ళు రాయవలసిన మాటలా ఇవి, ఇది కవిత్వమా అని. 1991లో సూసీ తారు, కె.లలిత ఇంగ్లీషులో తెచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం నాగరత్నమ్మ పోరాటంతోనే మొదలవుతుంది. తెలుగు వాళ్ళు చాలామంది రాధికాసాంత్వనం కథను మొదట ఆ ఇంగ్లీషు పుస్తకం ద్వారానే తెలుసుకున్నారు.

ఇప్పుడు తగువులో ఉన్న రచనలు మంచివా కావా అన్నది వేరే చర్చ. కొన్ని బలహీనంగానే ఉన్నాయి. వాటిని విమర్శించే హక్కు ఎవరికైనా ఉంది. కానీ “మన సాహిత్యంలో ప్రేమ ఇలా ఉండేది కాదు” అనే మాట మీద ఆ విమర్శను నిలబెట్టేముందు, ఆ ‘మన సాహిత్యం’ ఏ పోలీసు జప్తు తర్వాత మిగిలిందో కూడా చూసుకోవాలి. 1887 నాటి ఆ అచ్చుప్రతిలో కొన్ని పద్యాలు లేవు. రాతప్రతి పక్కన పెట్టుకుని చదివాకే నాగరత్నమ్మకు అక్కడేదో లేదని తెలిసింది.