హద్దు తేలాకే పేరు: భూకాలాల నామకరణం నేపథ్యం

2024 మార్చిలో ‘ఆంత్రోపోసీన్’, అంటే మనిషి ప్రభావంతో మొదలైందనే కొత్త భూకాలం, భూవిజ్ఞానుల ఓటింగులో వీగిపోయింది. కెనడాలోని క్రాఫర్డ్ సరస్సు అడుగు మట్టిలో ప్లుటోనియం జాడ పెరిగే చోటును హద్దుగా చూపినా, భూమి చరిత్రను కాలాలుగా విడదీసే భూకాల పట్టికలో దానికి చోటు దక్కలేదు. జనం నోళ్లలో నానిన పేరైనా సరే, హద్దు నిలవకపోతే చెల్లదు. ఈ పట్టింపు వెనక పాత తగాదా ఒకటి ఉంది.

19వ శతాబ్దంలో పేరు పెట్టడానికి నియమాలేమీ లేవు. బొగ్గు దొరికింది కాబట్టి కార్బొనిఫెరస్, సుద్ద కనిపించింది కాబట్టి క్రెటేషియస్; రెండూ 1822 నాటివి. జర్మనీలో మూడు రకాల రాతి వరుసలు చూసి ట్రయాసిక్ అన్నారు (1834). రష్యాలోని పెర్మ్ ప్రాంతం పెర్మియన్ అయింది (1841). సుద్ద మచ్చుకైనా లేని చోట కూడా ఆ వయసు పొరలు క్రెటేషియస్సే!

పేచీ వేల్స్‌లో వచ్చింది. 1835లో భూవిజ్ఞానులు ఆడమ్ సెడ్జ్‌విక్, రోడెరిక్ మర్చిసన్ ఉమ్మడిగా ఒక పత్రం చదివారు. వేల్స్ లాటిన్ పేరు మీద కేంబ్రియన్ సెడ్జ్‌విక్‌ది, సిలూర్లు అనే ప్రాచీన తెగ పేరు మీద సిలూరియన్ మర్చిసన్‌ది. మొదటాయన ఎక్కువగా రాతి రకాన్ని, రెండో ఆయన శిలాజాలను నమ్ముకున్నారు. మధ్య పొరలు మావంటే మావన్నారు. నిజానికి రాతి రకం మోసం చేస్తుంది: సముద్రం మెల్లగా నేల మీదికి చొచ్చుకొస్తుంటే తీరపు ఇసుక పొర ఒక్కో చోట ఒక్కో కాలంలో పేరుకుంటుంది. చూడ్డానికి ఒకే రాయి, వయసులు మాత్రం వేరు. ఇద్దరూ పోయాక, 1879లో మరో భూవిజ్ఞాని చార్లెస్ లాప్‌వర్త్ ఆ వివాదపు పొరలను విడదీసి, మరో తెగ పేరున ఆర్డొవీషియన్ అన్నారు. దానికి అంతర్జాతీయ ఆమోదం వచ్చేసరికి 1960.

తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు నిర్ణయించేది కాలం అడుగు హద్దు మాత్రమే. పై హద్దు తర్వాతి కాలం అడుగే. ఎంచుకున్న చోట పొరలు మధ్యలో తెగకూడదు, వేడికీ ఒత్తిడికీ మారిపోయి ఉండకూడదు, గుర్తుగా తీసుకున్న శిలాజం దూర ప్రాంతాల్లోనూ దొరకాలి. ఇలా ఖాయం చేసిన హద్దు గుర్తును ‘గోల్డెన్ స్పైక్’ అంటారు. అలాంటిది మొదటిది 1972లో చెక్ ప్రాంతంలోని క్లోంక్ దగ్గర ఖాయమైంది. గ్రాప్టొలైట్లు అనే అంతరించిన సముద్ర జీవుల్లో ఒక జాతి మొదటిసారి కనిపించే పొర దగ్గర సిలూరియన్ ముగిసి డెవోనియన్ మొదలవుతుంది.

శిలాజాలు పనికిరాని చోట వేరే ఆధారం వెతకాలి. 2004లో ఆమోదం పొందిన ఎడియాకరన్ కాలానికి దక్షిణ ఆస్ట్రేలియాలో హిమనద నిక్షేపాల మీద పేరుకున్న కార్బొనేట్ పొర అడుగే హద్దు. ఇంకా వెనక్కి వెళ్తే రాతిలో గీత కూడా లేదు: ఆర్కియన్, ప్రొటెరోజోయిక్ అనే మహాయుగాల మధ్య 250 కోట్ల ఏళ్లన్న అంకెతోనే సరిపెట్టారు.