దగ్గరి ప్రయాణాలకు స్కూటరా, మోటారుసైకిలా? అపోహలు - వాస్తవాలు

రెండు మూడు కిలోమీటర్ల లోపు పనుల కోసం బండి కొనదలచినవారు మెకానిక్‌ని అడిగే ప్రశ్నలు చాలావరకు పెద్ద రోడ్డును దృష్టిలో పెట్టుకున్నవే: మైలేజీ ఎంత, ఎన్ని సీసీలు, ఎంత వేగం వెళ్తుంది అని. ఊళ్లో తిరిగే బండికి ఈ లెక్కలు సగమే వర్తిస్తాయి, ఎందుకంటే అక్కడ ఇంజిన్ సరిగా వేడెక్కకముందే ప్రయాణం ముగిసిపోతుంది, దారి పొడవునా ఆగడం, కదలడం తప్పదు. రెండు రకాల బండ్లనూ రోజూ విప్పి బిగించే పనిలో ఉన్నందున, ఈ తేడాను గమనించకపోవడం వల్ల ఏర్పడే అపోహలు నాకు తరచుగా ఎదురవుతుంటాయి.

అపోహ: మోటారుసైకిల్ మైలేజీ ఎక్కువ ఇస్తుంది కాబట్టి దగ్గరి ప్రయాణాలకూ అదే లాభం.

వాస్తవం: దాదాపు ఒకే సామర్థ్యమున్న ఇంజిన్లను పోల్చినప్పుడు గేర్ల బండికి మైలేజీ ఎక్కువ రావడం సహజమే. గేర్లు, చైను ద్వారా శక్తి చక్రానికి చేరేటప్పుడు జరిగే నష్టం కంటే, స్కూటర్‌లోని రబ్బరు బెల్టు రాపిడి వల్ల జరిగే నష్టం ఎక్కువ. అయితే చల్లగా ఉన్న ఇంజిన్‌కు పెట్రోలు మోతాదు ఎక్కువ కావాలి. ఆయిల్ కూడా చిక్కగా ఉండి భాగాల కదలికకు అడ్డుపడుతుంది. 2 కి.మీ. ప్రయాణం చాలావరకు ఈ స్థితిలోనే గడుస్తుంది కాబట్టి ఏ బండీ కంపెనీ చెప్పిన మైలేజీ ఇవ్వదు. పైగా తక్కువ దూరం తిరిగేవారికి ఆదా అయ్యే పెట్రోలు కూడా తక్కువే.

దీనికంటే ఎక్కువగా పట్టించుకోవలసింది ఇంజిన్ ఆరోగ్యం. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లటి ఇంజిన్ గోడలకు తగిలి నీరుగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. దూర ప్రయాణంలో ఆ నీరు వేడికి ఆవిరైపోతుంది, దగ్గరి ప్రయాణాల్లో అక్కడే నిలిచిపోతుంది. ఇలా తిరిగిన బండి ఆయిల్ మూత విప్పితే, లోపలివైపు మీగడ రంగులో నురగలాంటి జిగురు కనిపిస్తుంది. స్కూటరైనా బైకైనా దీనికి మినహాయింపు లేదు. అందుకే ఇంకా అన్ని కిలోమీటర్లు తిరగలేదని ఊరుకోకుండా, మాన్యువల్‌లో చెప్పిన నెలల గడువు ప్రకారం ఆయిల్ మార్చాలి. అప్పుడప్పుడూ ఇంజిన్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడపాలి. సెల్ఫ్ స్టార్ట్‌కు ఖర్చైన బ్యాటరీ చార్జి తిరిగి నిండేందుకూ అది ఉపయోగపడుతుంది.

అపోహ: గేర్లు లేవు కాబట్టి స్కూటర్‌కు పెద్దగా మెయింటెనెన్స్ ఉండదు.

వాస్తవం: చేతికి గేర్లు తగలకపోయినా, ఎడమవైపు కవరు లోపల బెల్టు, వేగాన్ని బట్టి దాన్ని జరిపే రోలర్లు, ఇంజిన్ శక్తిని చక్రానికి కలిపే క్లచ్ నిరంతరం అరుగుతూనే ఉంటాయి. గుండ్రంగా ఉండవలసిన రోలర్లు ఒకవైపు చదునుగా అరిగిపోతే పిక్సప్ తగ్గుతుంది, కదిలేటప్పుడు బండి అదురుతుంది. బెల్టు తెగితే ఇంజిన్ తిరుగుతున్నా చక్రం కదలదు. వెనుక చక్రం దగ్గర ఇంజిన్ ఆయిల్‌తో సంబంధం లేని గేర్ ఆయిల్ కూడా ఉంటుంది, దాన్ని మార్చాలని చాలామందికి గుర్తుండదు. బైక్ చైనును తరచుగా శుభ్రం చేసి, ఆయిల్ వేసి, బిగువు సరిచేయాలి, అది కొంత శ్రమే. అయినా వదులైన చైను చప్పుడు చేసి ముందే హెచ్చరిస్తుంది. బెల్టు పగుళ్లు కవరు విప్పితే తప్ప కనబడవు.

అపోహ: కవర్ల మధ్య మూసి ఉండే స్కూటర్ ఇంజిన్ ట్రాఫిక్‌లో త్వరగా వేడెక్కి పాడవుతుంది.

వాస్తవం: గాలితో చల్లబడే స్కూటర్లలో సాధారణంగా ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్యాన్ ఉంటుంది. బండి ఆగి ఉన్నా అది గాలిని నెడుతూనే ఉంటుంది. ఎదురుగాలి మీదే ఆధారపడే బైక్ ఇంజిన్‌కు సిగ్నల్ దగ్గర ఆ సౌకర్యం లేదు.

అపోహ: స్కూటర్ నడపడం తేలిక, కాబట్టి అదే సురక్షితం.

వాస్తవం: తేలికగా నేర్చుకోగలగడం వేరు, క్షేమంగా నడపగలగడం వేరు. క్లచ్ లివర్ లేని స్కూటర్‌లో యాక్సిలరేటర్ తిప్పడమే బండిని కదిలిస్తుంది. ఇంజిన్ ఆపకుండా, కుడి హ్యాండిల్ పట్టుకుని బండిని పక్కకు జరిపేటప్పుడు చేయి కొద్దిగా తిరిగినా అది ముందుకు దూకుతుంది. ఇంజిన్ ఆపాకే బండిని జరపడం అలవాటు చేసుకోవాలి. వేగం బాగా తగ్గాక క్లచ్ దానంతటదే విడిపోతుంది కాబట్టి, నెమ్మదిగా దిగే వాలులో ఇంజిన్ బండిని నిలవరించదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇరుకు మలుపులో బైక్‌ను హాఫ్ క్లచ్‌తో అదుపు చేసినట్లే, స్కూటర్‌ను కొద్దిపాటి యాక్సిలరేటర్‌తో, వెనుక బ్రేకును మెల్లగా నొక్కి పట్టి తిప్పాలి.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామనే భయం రెండు బండ్ల వారిలోనూ ఉంది, దీన్ని వదిలించుకోవడం చాలా అవసరం. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, కాబట్టి బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం అక్కడి నుంచే లభిస్తుంది. హ్యాండిల్ తిన్నగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి, ముందుదాన్ని క్రమంగా బిగిస్తూ వేయాలి. గంటకు 30 కి.మీ. వేగంలోనూ బండి సెకనుకు 8 మీటర్లకు పైగా కదులుతుందని గుర్తుంటే, చేతివేళ్లు బ్రేకు లివరుకు ఎంత దగ్గరగా ఉండాలో అర్థమవుతుంది.

అపోహ: ఊళ్లో రోడ్లకు చక్రాల పరిమాణంతో పనిలేదు.

వాస్తవం: స్కూటర్లకు సాధారణంగా 10 నుంచి 12 అంగుళాల చక్రాలుంటే, బైకులకు 17 లేదా 18 అంగుళాలవి ఉంటాయి. ఒకే గుంతలో చిన్న చక్రం ఎక్కువ లోతుకు దిగి, అంచును గట్టిగా కొడుతుంది. మీరు రోజూ వెళ్లే దారి గతుకులమయమైతే నేను బైక్‌నే సూచిస్తాను. రోడ్డు నున్నగా ఉండి, సామాను మోయవలసి వస్తే స్కూటర్‌ను సూచిస్తాను. మధ్యేమార్గమూ ఉంది: 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్ 17 అంగుళాల చక్రాలతో, క్లచ్ లివర్ లేకుండా రూపొందింది. అలాంటి బండ్లు దొరికేచోట వాటినీ పరిశీలించవచ్చు.

అపోహ: పొట్టిగా ఉన్నవారికి స్కూటరే సరైనది.

వాస్తవం: స్కూటర్ సీటు, ఫుట్‌బోర్డు వెడల్పుగా ఉండడం వల్ల కాళ్లు దూరంగా పెట్టవలసి వస్తుంది, ఎత్తు అంతే ఉన్నా సీటు సన్నగా ఉన్న బైక్ మీద పాదాలు నేలకు బాగా ఆనవచ్చు. కాగితం మీది సీటు ఎత్తును నమ్మకుండా, మీరు రోజూ వేసుకునే చెప్పులతోనే రెండు బండ్లపై కూర్చుని, ఆగి ఉన్నప్పుడు పాదాలు ఆనుతున్నాయో లేదో, బండిని వెనక్కి నెట్టగలుగుతున్నారో లేదో చూసుకోండి.